ముందుగా చెప్పిన సాక్ష్యం

మా మనవరాలికి ఇంటర్మీడియట్‌లో వెయ్యికి తొమ్మిది వందల తొంభై మార్కులు వచ్చాయి. అంటే, ఆ సంగతి నేను చెప్పేటప్పుడు అన్ని వచ్చేవి. కాలేజీవాళ్లు ఇచ్చిన మార్కుల జాబితాలో మాత్రం తొమ్మిది వందల డెబ్భై ఆరే ఉంటాయి. దువ్వాడ స్టేషను బయట టీ కొట్టులో తొమ్మిది వందల ఎనభై అన్నాను. మందుల షాపులో ఎనభై ఐదన్నాను. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి తొంభై అయ్యాయి. ఇంకో నాలుగు చోట్లకి వెళ్లి ఉంటే వెయ్యి దాటిపోయేవేమో. ఎండలు మండిపోతుండటం వల్ల ఎక్కువ తిరగలేకపోయాను.

ఇందులో నా తప్పు తక్కువ, నా ఉద్యోగం తప్పు ఎక్కువ. ముప్పై నాలుగేళ్లు విశాఖ పోర్టులో క్రేను నడిపినవాణ్ణి. క్రేను మీద కూర్చున్నవాడు బరువు ఎప్పుడూ కాగితంలో రాసినదానికన్నా ఎక్కువే ఉంటుందనుకోవాలి. పది టన్నులని రాసి ఉంటే పన్నెండనుకుని ఎత్తాలి. అలా అనుకుంటేనే కింద నిలబడ్డ మనుషులు సాయంత్రం ఇంటికి వెళ్తారు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది.

ఇదొకటి సరిచేయాలి. క్రేను నడిపింది పదకొండేళ్లే. ఆ తర్వాత మోకాలు మొరాయించి నిచ్చెన ఎక్కలేకపోతే నన్ను స్టోర్సులో వేశారు. మిగతా ఇరవై మూడేళ్లూ పనివాళ్లకి చేతి తొడుగులూ హెల్మెట్లూ ఇచ్చుకుంటూ కూర్చున్నాను. తొడుగులు జతకి రెండే ఉంటాయి, మూడని చెప్పడానికి కుదరదు. ఆపుకున్నదంతా రిటైరయ్యాక బయటికి వచ్చిందని మా ఆవిడ అంటుంది.

మేం ఉండేది దువ్వాడలో. కింది వాటాలో నేనూ మా ఆవిడా, పైన కూతురూ అల్లుడూ మనవరాలూ. కూతురు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. అల్లుడు అదే ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. రోజూ పొద్దున్నే పెళ్లాన్ని బస్సెక్కించుకుని, దార్లో ఇంకో నలభై మందిని కూడా ఎక్కించుకుని పనికి తీసుకెళ్తాడు. అతను మాట్లాడడు. పెళ్లిచూపుల్లో మాట్లాడాడని మా కూతురు అంటుంది గాని నేను వినలేదు.

మనవరాలు వీళ్లెవరి పోలికా కాదు. చిన్నప్పట్నించీ దానికి అంకెల పిచ్చి. ఇంటర్ అయ్యాక స్టాటిస్టిక్స్ చదువుతానంది. అదేమిటని అడిగితే, చెప్పిన అంకెకీ ఉన్న అంకెకీ తేడా ఎంతో పట్టుకునే చదువు తాతా అంది. నేను పెంచిన పిల్ల ఇంకేం చదువుతుంది?

అది కోరుకున్న నాలుగేళ్ల కోర్సు ప్రైవేటు యూనివర్సిటీల్లోనే ఉందట. ఆ ఫీజు మా రెండు వాటాల వాళ్లూ కలిసి కట్టినా కట్టలేం. అందుకని రెండు స్కాలర్‌షిప్పులకి దరఖాస్తు పెట్టింది. ఒకటి ఢిల్లీ వైపు ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీది. దేశమంతటి నుంచీ మంచి మార్కులొచ్చిన పిల్లల్ని ఏరి నాలుగేళ్ల చదువూ తిండీ మంచమూ అన్నీ వాళ్లే ఇస్తారు. రెండోది మన ఊళ్లోనే ఉన్న ఒక ట్రస్టుది. బాగా మార్కులొచ్చి ఇంట్లో ఇబ్బంది ఉన్న పిల్లల్ని, వాళ్ల ఇంటికే వచ్చి చూసి, సరేననుకుంటే నగరం శివార్లలో ఉన్న యూనివర్సిటీలో ఫీజు కడతారు. ఆ ట్రస్టు కాగితంలో చివర ఒక మాట ఉంది: ‘నాకు వేరే ఏ స్కాలర్‌షిప్పూ లేదు, వస్తే వెంటనే తెలియజేస్తాను.’ దాని కింద పిల్ల సంతకం చేసింది. పక్కనే సంరక్షకుడు అన్న చోట, అల్లుడు డ్యూటీలో ఉన్నాడు కాబట్టి, నేను చేశాను. పూర్తిగా చదివే చేశానని అందరితో అన్నాను. చదవలేదు. కళ్లజోడు పైన వాటాలో ఉండిపోయింది.

మే నెలలో ఒక శనివారం ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ల దగ్గర్నుంచి పిల్లకి మెయిలొచ్చింది. మొదటి వడపోతలో నెగ్గావు, ఇంటర్వ్యూ ఉంటుంది అని. పిల్ల ఇడ్లీ తింటూ చెప్పింది, మళ్లీ ఇడ్లీలో పడిపోయింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. సంతోషం అలాంటిది.

మర్నాడు ఆదివారం.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి మైకు దగ్గరికి వెళ్లి చెప్పవచ్చు. జ్వరం తగ్గినవాళ్లు చెబుతారు, ప్రమోషన్ వచ్చినవాళ్లు చెబుతారు. కొందరు ఇంకా జరగని మేలుని కూడా జరిగిపోయినట్టే చెప్పి, విశ్వాసంతో ముందుగానే కృతజ్ఞతలు చెల్లించేస్తారు. మా దగ్గర అది అబద్ధం కిందికి రాదు, భక్తి కిందికి వస్తుంది. ఈ ఏర్పాటు నాకు మొదట్నించీ నచ్చుతుంది.

మూడేళ్లుగా నాకు చెప్పుకోవడానికి ఒక్క కంటి ఆపరేషన్ తప్ప ఏమీ లేదు. దాన్నే రెండు కళ్లకీ వేర్వేరుగా రెండు సార్లు చెప్పాను. (ఆపరేషన్ ఒక కంటికే అయింది.) ఆ ఆదివారం నా ముందు బెంచీ బావ లేచాడు. చుట్టరికం ఏమీ లేదు, ముప్పై ఏళ్లుగా బావా అంటే బావా అనుకుంటాం. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. మైకు దగ్గరికి వెళ్లి, తన మనవడికి చెన్నైలో ఇంజినీరింగు సీటు వచ్చిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చి కూర్చుంటూ వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వాడు. మంచి మనసుతోనే నవ్వాడు. నాకు తెలుసు. అయినా లేచాను.

“మా మనవరాలికి ఢిల్లీలో ఫుల్ స్కాలర్‌షిప్ వచ్చింది” అన్నాను.

ఆమెన్ అన్నారు. అంత గట్టి ఆమెన్ నా కంటి ఆపరేషన్‌కి రాలేదు. ఇక నా చేతుల్లో లేదు. దేశం మొత్తం మీద ముప్పై మందినే తీసుకున్నారన్నాను. నలుగురు ప్రొఫెసర్లు స్వయంగా ఫోను చేశారన్నాను. వాళ్లలో ఒకాయన తెలుగాయన అని కూడా అన్నాను, నమ్మకంగా ఉంటుందని. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మనవరాలు తల దించుకుని కూర్చుంది. వినయం అనుకున్నారు అందరూ.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

“తాతా, నాకు స్కాలర్‌షిప్ రాలేదు. ఇంటర్వ్యూకి పిలిచారు. అంతే.”

“వత్తాదిలేవే. విశ్వాసంతో సెప్పీసినాను.”

“విశ్వాసం నీది. ఇంటర్వ్యూ నాది.”

“ముప్పై మందంటే తక్కువయిందా ఏటి? ఇరవై అనాల్సిందా?”

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చింది. “నలుగురు పొఫెసర్లు ఫోన్ సేసినారా? ఏ ఫోన్‌కి సేసినారండి? మన ఫోన్‌లో రీసార్జి అయిపోయి వారమవుతంది” అంది.

ఇదంతా ఇంట్లోనే చల్లారిపోయేది. కానీ ముందు బెంచీ బావ కొడుక్కి గాజువాకలో ఫ్లెక్సీలు ముద్రించే షాపు ఉంది. మా వైపు పెళ్లయినా, పాప చెవులు కుట్టించినా, కుర్రాడికి కొత్త బండి కొన్నా ముందు ఫ్లెక్సీ లేస్తుంది. బుధవారం పొద్దున్న పాలకి వెళ్తుంటే మా వీధి మలుపులో కరెంటు స్తంభానికీ కొబ్బరి చెట్టుకీ మధ్య మా మనవరాలు కనిపించింది. ఎనిమిదడుగుల ఎత్తు. పరీక్ష హాల్ టికెట్ మీది ఫొటోని పెద్దది చేశారు. పరీక్ష భయంతో దిగిన ఫొటో కాబట్టి ఎవరో తరుముతున్నట్టుంది. ‘నూటికి నూరు శాతం స్కాలర్‌షిప్ సాధించి ఢిల్లీ వెళ్తున్న మా సంఘ బిడ్డకు శుభాభినందనలు’ అని రాసి ఉంది. పక్కన కోటు వేసుకుని నేను. ఆ కోటు మా కూతురి పెళ్లిలోది. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల వరసలో అందరికన్నా పెద్ద ముఖం బావది.

మొదట నాకు భయం వేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. పాలు మరిచిపోయి పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాను. తర్వాత రోడ్డు అవతలికి వెళ్లి అక్కణ్ణించి కూడా చూశాను.

“తీయించు తాతా” అంది పిల్ల, బతిమాలుతున్నట్టుగా.

“ఎంతో మనసుతో ఏయించినాడే. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఉండనీ. పది రోజుల్లో నిజమైపోతాది కదా.”

ఇంటర్వ్యూ కంప్యూటరులో అయింది. వారం తిరక్కుండానే జవాబొచ్చింది, ఎంపిక చేయలేకపోయాం అని. పిల్ల ఆ మెయిల్ ఇంట్లో అందరికీ చదివి వినిపించింది. ఏడవలేదు. “ట్రస్టుది ఉంది కదా, అది వస్తే ఇక్కణ్ణించే వెళ్లొచ్చి చదువుకుంటాను” అంది. నేను ఆ రోజే ఫ్లెక్సీ తీయించేస్తానన్నాను. తీయించలేదు. తీయించాలంటే బావకి చెప్పాలి. బావకి చెప్పడమంటే గాజువాక నుంచి దువ్వాడ దాకా చెప్పినట్టే. రేపు చూద్దాం, వానలొస్తే అదే చిరిగిపోతుందిలే అనుకున్నాను. ఆ యేడు వానలు ఆలస్యంగా వచ్చాయి.

వానలకన్నా ముందు ట్రస్టు ఆవిడ వచ్చింది.

పదకొండు గంటలప్పుడు. పిల్ల టీసీ తెచ్చుకోవడానికి కాలేజీకి వెళ్లింది. మా ఆవిడ మార్కెట్‌లో ఉంది. నేనొక్కణ్ణే వీధి అరుగు మీద పేపరు చదువుతున్నాను. ఆటో దిగి ఒక నలభై ఏళ్ల మనిషి లోపలికి వచ్చింది. చేతిలో ఫైలు, కాటన్ చీర.

“బాబాయిగారూ, మలుపులో ఫ్లెక్సీ మీద ఉన్న అమ్మాయి ఇల్లు ఇదేనా? ఆటో అతను అదే గుర్తు చెప్పాడు” అంది.

ఎవరమ్మా మీరు అని ముందు అడగాలి కదా. అడగలేదు. పత్రిక వాళ్లేమో అనుకున్నాను. కుర్చీ వేశాను, మంచినీళ్లు ఇచ్చాను, ఇంకో గ్లాసు కూడా ఇచ్చాను.

“ఇదేనమ్మా. నాను దాని తాతని. పోర్టులో ముప్పై నాలుగేళ్లు క్రేను నడిపినాను.”

“ఢిల్లీలో అన్నీ ఉచితమేనా బాబాయిగారూ?”

“అన్నీనమ్మా. సదువు, తిండి, మంచం. రగ్గు కూడా ఇత్తారు, అక్కడ సలి కదా.”

ఆవిడ ఫైలు తెరిచి ఏదో రాసుకుంది. రాసుకున్నాక, నేను ఫలానా ట్రస్టు నుంచి ఇంటి పరిశీలనకి వచ్చాను అంది.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. ఆ క్షణంలో తప్పయిపోయిందమ్మా, ఢిల్లీది రాలేదు అని చెప్పి ఉంటే అక్కడితో సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ రగ్గు సంగతి అప్పుడే చెప్పి ఉన్నాను. రగ్గు దాకా వెళ్లినవాడు వెనక్కి రావడం కష్టం.

“అదేనమ్మా… ఇంకా ఆలోసిత్తన్నాం. ఢిల్లీ దూరం కదా. మీదైతే దగ్గర” అన్నాను.

రెండు స్కాలర్‌షిప్పులు చేతిలో పెట్టుకుని ఏది తీసుకోవాలా అని బేరమాడుతున్నవాడిలాగా అన్నానన్నమాట. ఆవిడ మర్యాదగా నవ్వి లేచింది. వెళ్తూ వెళ్తూ మలుపులో ఆటో ఆపి ఫ్లెక్సీని ఫోనులో ఫొటో తీసుకోవడం అరుగు మీంచి నాకు కనిపించింది.

సోమవారం ట్రస్టు నుంచి పిల్లకి ఉత్తరం వచ్చింది. వేరే పూర్తి స్కాలర్‌షిప్ ఉన్న సంగతి దాచి తప్పుడు హామీ పత్రం ఇచ్చినట్టు కనబడుతోందని, పది రోజుల్లోగా ఆధారాలతో సంజాయిషీ ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేసి జాబితాలో తర్వాతి విద్యార్థికి ఇస్తామని. ‘దాచి’ అన్న మాట దగ్గర పిల్ల వేలు ఆగింది. పుట్టి బుద్ధెరిగాక అది దాచింది ఏమైనా ఉంటే నా బీడీలు. అవి కూడా నేను దాచమంటేనే.

“తాతా, ఆవిడకి ఏం చెప్పావ్?”

చెప్పాను. రగ్గు కూడా చెప్పాను.

కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. దరఖాస్తు జిరాక్సు తెచ్చి నా ముందు పెట్టింది. వేరే స్కాలర్‌షిప్ లేదన్న మాట కింద దాని సంతకం, పక్కన వంకరగా నాది. “లేదని సంతకం పెట్టిందీ నువ్వే. ఉందని ఊరంతా చెప్పిందీ నువ్వే. వాళ్లు దొంగ అంటున్నది మాత్రం నన్ను” అంది. పైకి వెళ్లిపోయింది. ఆ పూట అన్నానికి కిందికి రాలేదు.

ట్రస్టు ఆవిడకి ఫోను చేశాను. పాపం, విసుక్కోలేదు. “బాబాయిగారూ, ఆ రోజు మీరే ఒకటి చెప్పారు. ఇవాళ ఇంకొకటి చెబుతున్నారు. నేను కమిటీకి ఏది రాయను? ఫ్లెక్సీ వేయించింది మీ చర్చి వాళ్లు కదా. అది నిజం కాదని వాళ్లనే రాసివ్వమనండి. ఇంకేదైనా ఆధారం ఉంటే అదీ జత చేయండి” అంది.

పిల్ల కిందికి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఢిల్లీ వాళ్లు ఎంపిక చేయలేదని రాసిన మెయిల్ పంపుతానంది. అది ఒక్క యూనివర్సిటీదే కదా, ఫ్లెక్సీ మీద యూనివర్సిటీ పేరు లేదు కదా అంది ఆవిడ. నిజమే. పేరు పలకడం నాకు సరిగ్గా రాక ఢిల్లీ అని ఊరుకున్నాను.

చర్చి పక్కనే ఉన్న పాస్టర్ అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన చిన్నవాడు, నా కూతురి వయసు. అంతా విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని అర్థమైంది.

“రాసిస్తాను తాతగారూ. కానీ సంఘమంతా వినేలా మైకులో చెప్పారు. నేను గదిలో కూర్చుని కాగితం మీద కాదంటే ఎలా? అక్కడ చెప్పింది అక్కడే సరిచేయండి. దిగి రాగానే ఉత్తరం మీ చేతిలో పెడతాను” అన్నాడు.

ఇంట్లో చెబితే పిల్ల ఒక కాగితం ముక్క మీద రాసి ఇచ్చింది: ‘మా మనవరాలికి ఏ స్కాలర్‌షిప్పూ రాలేదు. వచ్చిందని నేను చెప్పినది అబద్ధం.’ పెద్ద అక్షరాలతో, కళ్లజోడు లేకపోయినా కనబడేలాగా.

“ఇంతే చదువు తాతా. నేను ఫోనులో తీస్తాను. అయ్యగారి ఉత్తరంతో పాటు అదీ పంపిద్దాం. ఇంకొక్క మాట కలపకు.”

“ఒక్క మాటా కలపనే.”

మా చర్చిలో ఆదివారం రెండు ఆరాధనలు జరుగుతాయి. మొదటిది ఏడు గంటలకి, రెండోది పదిన్నరకి. మేం మొదటిదానికే వెళ్లాం. సాక్ష్యాల సమయం రాగానే లేచి మైకు దగ్గరికి నడిచాను. మొదటి వరసకి పక్కగా పిల్ల ఫోను పట్టుకుని నిలబడింది. నా జేబులో కాగితం ఉంది. తీద్దామని చెయ్యి పెట్టాను కూడా. ఇంతలో తలెత్తి చూస్తే అన్ని ముఖాలూ నా వైపే ఉన్నాయి. కళ్లల్లో ఎదురుచూపు. అంత మంది ముందు రెండు ముక్కలు చదివి దిగిపోతే ఏం బాగుంటుంది?

“సంఘమా, నా అంత పాపి ఈ దువ్వాడలోనే లేడు” అని మొదలుపెట్టాను.

చిన్నప్పట్నించీ నా నోరే నాకు శత్రువన్నాను. గర్వం నన్ను కొండ మీదికెక్కించి కిందికి తోసిందన్నాను. నా మూలంగా అభం శుభం తెలియని పసిబిడ్డకి ఆపద వచ్చిందన్నాను. మూడు రోజులుగా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నానన్నాను. ట్రస్టు మేడం కాళ్ల మీద పడ్డానన్నాను. నా గొంతు వణికింది. అది నేను వణికించింది కాదు, అదే వణికింది, అంత బాగా వస్తోంది. ఆడవాళ్ల వైపు ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ముందు బెంచీ బావ లేచి వచ్చి నన్ను వాటేసుకుని “ఎంత మంచోడివి బావా నువ్వు” అన్నాడు. ఆమెన్‌లు వర్షంలా కురిశాయి.

ఆ వర్షంలోనే ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. పక్కావిడతో అన్న మాటే గాని, మా ఆవిడ పక్కావిడతో అన్నది ఎప్పుడూ పది వరసలకి వినబడుతుంది.

“మూడ్రోజుల ఉపాసమా? మరి నిన్న నెత్తళ్ల సేపల కూరతోటి మూడు మార్లు మారడిగి తిన్నది ఎవులమ్మా?”

కొంతమంది నవ్వారు. నేను దిగిపోయాను. అయినా మనసు నిండిపోయి ఉంది. నా జన్మలో అంత మంచి సాక్ష్యం చెప్పలేదు.

బయట వేపచెట్టు కింద పిల్ల ఫోను తిప్పి తిప్పి చూస్తోంది.

“ఎలాగుందే?” అన్నాను.

“ఏడు నిమిషాలుంది తాతా.”

“అవునా! ఏడా!”

“ఇందులో నాకు స్కాలర్‌షిప్ రాలేదన్న మాట ఎక్కడుంది?”

ఇద్దరం కలిసి మొదట్నించీ చూశాం. పాపి ఉన్నాడు. కొండ ఉంది. పసిబిడ్డ ఉంది. కాళ్ల మీద పడటం ఉంది. స్కాలర్‌షిప్ రాలేదన్న మాట లేదు. ఏడు నిమిషాల పాటు నా తప్పుల్ని ఒప్పుకుంటూ పోయి, అసలు తప్పు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పైగా ఉపవాసం అని ఇంకో కొత్త అబద్ధం పుట్టించాను.

“ఇది పంపితే ఢిల్లీ సీటు వచ్చినా వదులుకున్నామని మెచ్చుకుంటారు” అంది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, ఫోను స్క్రీన్ మీద పడ్డ నీళ్లు చున్నీతో తుడుచుకుంటూ. “నాకు ఇదొక్కటే ఉంది తాతా. ఇది పోతే నేను కూడా అమ్మతో పాటు నాన్న బస్సెక్కాలి.”

ఇక్కడ ఇంకేమైనా రాస్తే కలిపినట్టవుతుంది.

పదిన్నర ఆరాధనకి మళ్లీ లోపలికి వెళ్లాం. ఆ వేళకి వచ్చేది ఎక్కువగా వేరే జనం, కొత్త కోడళ్లూ షిఫ్టు దిగి వచ్చినవాళ్లూ. బావ మాత్రం మళ్లీ వచ్చాడు, నా సాక్ష్యం ఇంకోసారి వినాలని. పక్కనున్నవాళ్లకి చెప్పి మరీ వింటున్నాడు. నేను మైకు దగ్గరికి వెళ్లి, ఎవరి ముఖమూ చూడకుండా జేబులోంచి కాగితం తీశాను.

“మా మనవరాలికి ఏ స్కాలర్‌షిప్పూ రాలేదు. వచ్చిందని నేను చెప్పినది అబద్ధం.”

ఆమెన్ రాలేదు. దేనికి ఆమెన్ అంటారు? పైన ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు వినబడింది. ఎవరో దగ్గారు. బావ నా వైపు చూడకుండా పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. మైకు నుంచి నా బెంచీ దాకా పాతిక అడుగులుంటాయి. పోర్టులో వాన పడుతుంటే క్రేను నిచ్చెన దిగడం కూడా అంత కష్టంగా లేదు. చెవులు రెండూ కాలిపోయాయి.

“పదకొండు సెకన్లు” అంది పిల్ల బయటికొచ్చాక. “ఇది పంపుతాను.”

అయ్యగారు మాట ప్రకారం ఉత్తరం ఇచ్చాడు. ఆ రోజు నుంచి మా చర్చిలో కొత్త పద్ధతి కూడా పెట్టాడు. సీటు గురించి గాని ఉద్యోగం గురించి గాని సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుగా కాగితం ఆయనకి చూపించాలి. ఎవరి మూలంగా పెట్టాడో ఆయన చెప్పలేదు. అందరూ నన్నే చూశారు.

ఫ్లెక్సీ తీయడానికి నేనే నిచ్చెన ఎక్కానని రాద్దామనుకున్నాను. ఎక్కలేదు. సోమవారం పొద్దున్న అల్లుడు ఫ్యాక్టరీ బస్సుని సరిగ్గా దాని కింద ఆపి, బస్సు మీదికెక్కి తాళ్లు కోశాడు. కింద ఒక కొస నేనూ ఇంకో కొస బావా పట్టుకున్నాం. బస్సులో నలభై మందీ కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. వాళ్లలో మా కూతురు ఒకతి. అది మాత్రం అవతలి వైపు చూస్తోంది.

“ఏటి డ్రైవరన్నా, మీ పాపది తీసేత్తన్నావేటి?” అని ఒకడు అరిచాడు.

“అబద్ధం” అన్నాడు అల్లుడు. దిగి, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. అతను నా గురించి అన్న ఏకైక మాట అది. సరిగ్గానే అన్నాడు.

బావ ఫ్లెక్సీని అంచుకి అంచు కలిపి మడత పెట్టాడు. ఆఖరికి, “నాతో ఒక్క మాటంటే అదే రోజు తీయించీసేవోణ్ణి కదా బావా” అన్నాడు. కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా మేడ మీద కట్టెల మీద కప్పి ఉంది, ముఖాలు లోపలికి పెట్టి.

తర్వాత ఎనిమిది రోజులు మా ఇంట్లో ఎవరి ఫోను మోగినా అందరం లేచేవాళ్లం. తొమ్మిదో రోజున మెయిల్ వచ్చింది. పిల్ల రెండు సార్లు చదువుకుని మా ఆవిడ చేతికి ఫోను ఇచ్చింది. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా చూసి, “ఇచ్చినారు కదా?” అంది. ఇచ్చారు. పిల్ల ఆ ఆదివారం మైకు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లమని నేను అనలేదు. నేను వెళ్తానని కూడా అనలేదు. ఇది నిజం. కావాలంటే అడగండి.

ఆ ఆదివారం సాయంత్రం టీ కొట్టుకి వెళ్లాను. బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో నలుగురు.

“బావా, ట్రస్టువాళ్లు మా పిల్లకి స్కాలర్‌షిప్ ఇచ్చీసినారు.”

ఎవరూ తలెత్తలేదు. జేబులోంచి కాగితం తీశాను. పిల్ల చేత ప్రింటు తీయించుకునే వెళ్లాను. బావ కళ్లజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు. ముఖం విప్పారింది.

“నిజమేరా బాబూ! ఫుల్లా బావా?”

నలుగురూ నా వైపు తిరిగారు. ఎదురుచూస్తున్నారు. చర్చిలో చూశానే, అవే కళ్లు. ఫుల్లే అంటే ఎవరికి నష్టం? కాగితంలో అంతా ఇంగ్లీషే. టీ రెండు గుక్కలు తాగాను. కాలుతోంది.

“ఫీజు మటుకే బావా. బస్సూ బువ్వా మాయే. అదీ మొదటి ఏడాదికే. మార్కులు నిలబెడితే మళ్లీ ఇత్తారు.”

“ఓహో” అన్నాడు బావ. “మరి దానికొచ్చిన మార్కులకి ఇవ్వకేం సేత్తారు? తొమ్మిదొందల తొంభై కదా” అన్నాడు.

“డెబ్భయ్యారు.”

బావ గ్లాసు బల్ల మీద పెట్టి, వంగి, వెనక చేత్తో నా నుదురు ముట్టుకుని చూశాడు.

“ఏటి బావా, ఒంట్లో బాగులేదా?”